వాగు నుంచి సముద్రం దాకా: హవాయి శ్రమదానాల గురించి అపోహలు, వాస్తవాలు

హవాయిలోని ఓఆహు ద్వీపంలో, కోఓలావ్ కొండల తూర్పు వాలు మీద పుట్టి కానెఓహె అఖాతంలో కలిసే హెఎయా వాగు వెంటా, చుట్టుపక్కల తీరం మీదా జరిగే శ్రమదానాల్లో కొన్నేళ్లుగా జట్టు నాయకుడిగా పనిచేస్తున్నాను. శనివారం ఉదయాన్నే వచ్చేవారిలో స్థానిక హవాయి కుటుంబాలు, బడిపిల్లలు, సైనికులతో పాటు హొనొలులులో చదువుకునే మన తెలుగు విద్యార్థులు కూడా అప్పుడప్పుడు కనిపిస్తారు. ఎవరు వచ్చినా దాదాపు అవే నమ్మకాలతో వస్తారు కాబట్టి, చేతికి తొడుగులు ఇచ్చే ముందు నేను చెప్పే మాటలనే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట తెలియాలి. కొండ శిఖరం నుంచి పగడపు దిబ్బల దాకా, నీరు నడిచే దారి మొత్తాన్ని ఒకే భూభాగంగా చూసి పాలించిన పాత హవాయి పద్ధతిని అహుపువా అంటారు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను, వాటి నీటిని పంచిన నీరటిని ఎరిగిన మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు ఏమవుతుందో ఆలోచించే బుద్ధే ఇక్కడా పనిచేసింది.

అపోహ: తీరంలో దొరికే ప్లాస్టిక్ అంతా స్థానికులో, పర్యాటకులో పారేసిందే.

ఇది తీరాన్ని బట్టి మారుతుంది. గాలి వీచే తూర్పు తీరాల్లో మేము ఏరే ప్లాస్టిక్‌లో పెద్ద భాగం సముద్రం మోసుకొచ్చిందే. ఆల్చిప్పల పెంపకంలో వాడే చిన్న గొట్టాలు, హ్యాగ్‌ఫిష్ అనే పాములాంటి చేపను పట్టే బోనుల నల్లటి గరాటాలు, తెగిపోయిన వలలు, తాళ్లు ఇక్కడి ఇళ్లలో వాడేవి కావు. ఉత్తర పసిఫిక్ సుడి ప్రవాహాలు వాటిని వేల కిలోమీటర్ల నుంచి తెచ్చి పడేస్తాయి. దీనికి పేరుపడ్డ చోటు హవాయి పెద్ద ద్వీపపు దక్షిణ కొనలోని కమీలో. జనం దాదాపు నివసించని ఆ తీరంలో కరిగిన ప్లాస్టిక్, ఇసుక, పగడపు ముక్కలు, లావా రాయి కలిసి గడ్డకట్టిన కొత్తరకం రాళ్లను శాస్త్రవేత్తలు 2014లో వర్ణించి, వాటికి ప్లాస్టిగ్లోమరేట్ అని పేరు పెట్టారు.

వాగులో దొరికే చెత్త మాత్రం పూర్తిగా మనదే. సిగరెట్ పీకలు, తినుబండారాల పొట్లాలు, టైర్లు, సూపర్ మార్కెట్ బండ్లు, ఒక్కోసారి పరుపులు కూడా పైనున్న వీధుల నుంచి వచ్చినవే. అందుకే మా జట్టు ఈ రెండు చెత్తలనూ ఎప్పుడూ ఒకే సంచిలో వేయదు. దేన్ని ఎక్కడ ఆపాలో తెలియాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలియాలి.

అపోహ: వీధి పక్క జాలీలోకి పోయిన వాననీరు శుద్ధి కేంద్రానికి వెళుతుంది.

వెళ్లదు. హొనొలులులో మురుగు గొట్టాలు వేరు, వాననీటి కాలువలు వేరు. జాలీలో పడిన కారు నూనె చుక్క అయినా, కుక్క మలం అయినా, సిగరెట్ పీక అయినా ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగుకూ, అక్కడి నుంచి సముద్రానికీ చేరుతుంది.

అపోహ: ఎన్ని ఎక్కువ కిలోలు తీస్తే శ్రమదానం అంత విజయవంతం.

మా రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించే నమ్మకం ఇది. పని ముగిశాక సంచులను తూకం వేసి ఫోటో దిగడం ఆనవాయితీ అయిపోయింది. నిజం చెప్పాలంటే, విరాళాలు ఇచ్చేవారు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. కానీ నీళ్లలో నానిన ఒక్క పరుపు, ఇరవై మంది మూడు గంటలు కూర్చుని ఇసుక జల్లెడ పట్టి తీసిన ప్లాస్టిక్ పలుకుల కంటే ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. సముద్ర పక్షులు మేత అనుకుని మింగేది ఆ పరుపును కాదు, ఆ పలుకులనే.

వలల సంగతి వేరు. అవి బరువూ ఎక్కువే, హానీ ఎక్కువే. సముద్రంలో తేలే వల పగడాలను విరుస్తుంది, తాబేళ్లను, హవాయి మంక్ సీల్‌లను చిక్కించుకుంటుంది. అలా తీసిన వలలను ముక్కలుగా నరికి, ఓఆహులో చెత్త నుంచి విద్యుత్తు తయారుచేసే హెచ్-పవర్ కేంద్రంలో మండించే ఏర్పాటు 2002 నుంచి ఉంది. కాల్చడం ఆదర్శమైన దారి అని నేను అనను. కానీ ద్వీపంలో చెత్తను పూడ్చే నేల ఎంత తక్కువో చూసినవారికి ఆ నిర్ణయం వెనుక కారణం తెలుస్తుంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: బతికి ఉన్న పగడానికి చుట్టుకున్న వలను ఎన్నడూ లాగకూడదు. తెలిసినవారు కత్తితో కొద్దికొద్దిగా కోసి తీయాలి.

తూకం కంటే లెక్క ఉపయోగకరం. ఏటా సెప్టెంబరు మూడో శనివారం జరిగే అంతర్జాతీయ తీర శుభ్రతా దినం 1986లో టెక్సస్‌లో మొదలైన నాటి నుంచీ, ఏ వస్తువులు ఎన్ని దొరికాయో కార్డు మీద రాసుకోవడం దాని ప్రధాన పద్ధతి. ఒకే వాగు మలుపులో ఒకే రకం వస్తువు నెలనెలా దొరుకుతోందని ఆ కాగితం చూపిస్తే, ఆ పైన ఎవరితో మాట్లాడాలో మాకు తెలుస్తుంది.

అపోహ: చెత్త తీసేస్తే వాగు శుభ్రపడినట్టే.

కంటికి కనిపించే చెత్త జబ్బులో చిన్న భాగం. పగడపు దిబ్బలను బాగా దెబ్బతీస్తున్న వాటిలో మట్టి ఒకటి. అడవిపందులు కొండ అడవుల్లో నేలను తవ్వేస్తాయి, నిర్మాణాల కోసం కొండవాలు కోసేస్తారు, వాన పడగానే నిటారుగా దిగే పొట్టి వాగు ఆ ఎర్రమట్టిని కొన్ని గంటల్లోనే అఖాతంలో కుమ్మరిస్తుంది. మట్టి పగడాలకు వెలుతురు అందకుండా చేస్తుంది, వాటి మీద పేరుకుంటుంది. పూర్వం ఈ మట్టిలో చాలా భాగం లోతట్టు చామ మళ్లలోనే ఆగిపోయేది. లోఇ అనే ఆ మళ్లలోకి వాగు నీటిని మళ్లించి, మడి నుంచి మడికి నెమ్మదిగా పారించి, మళ్లీ వాగులోకే వదిలేవారు. హెఎయా చిత్తడి నేలలో ఇప్పుడు ఆ మళ్లను మళ్లీ తీస్తున్నారు. అక్కడ మోకాలి లోతు బురదలో దిగి కలుపు పీకే శనివారాన్ని సముద్రాన్ని శుభ్రం చేసే పనిగానే నేను లెక్కవేస్తాను, అక్కడ ఒక్క ప్లాస్టిక్ సీసా దొరక్కపోయినా సరే.

మురుగు సంగతి కూడా చెప్పుకోవాలి. శుద్ధి లేకుండా మురుగును నేలలోకి ఇంకించే గుంటలు రాష్ట్రంలో సుమారు 88,000 ఉన్నాయనీ, వాటి నుంచి రోజుకు దాదాపు 20 కోట్ల లీటర్ల మురుగు భూమిలోకి దిగుతోందనీ అంచనా వేసి, 2050 కల్లా వాటిని మార్చాలని 2017లో చట్టం చేశారు. దీనిని ఏ సంచీ మోయలేదు. అయితే ఇలాంటి పనికి ఫలితం ఎలా ఉంటుందో కానెఓహె అఖాతమే ఒకసారి చూపించింది. 1977-78లో అఖాతంలోకి వచ్చే మురుగును లోతు సముద్రానికి మళ్లించాక నీరు త్వరగానే తేటపడింది. కానీ మురుగు మేసి పెరిగిన పచ్చటి బుడగల్లాంటి నాచు మాత్రం 2006లో వారాల తరబడి మబ్బు కమ్మి వానలు కురిసేదాకా దిబ్బలను వదల్లేదు. జబ్బు కారణం తొలగిన తరువాత కూడా కోలుకోవడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట. అవే 2006 వానల్లో, కొండలకు అవతల వైకీకీలో మురుగు గొట్టం పగిలి, సుమారు 18 కోట్ల లీటర్ల మురుగును అక్కడి ‘అలా వాయ్’ అనే కాలువలోకి వదలాల్సి వచ్చింది.

అపోహ: చెట్లు నరకడం పర్యావరణ సేవ ఎలా అవుతుంది? మడ చెట్లు తీరానికి రక్ష కదా!

ఈ ప్రశ్న వేసేవారిలో ఎక్కువమంది మనవాళ్లే, వేయడం న్యాయమే. కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు తుపాను ఉధృతిని ఎలా తగ్గిస్తాయో విన్నవారికి, రంపం పట్టుకుని మడ చెట్ల మీద పడే మమ్మల్ని చూస్తే వింతగానే ఉంటుంది. కానీ హవాయికి మడ చెట్టు స్వతహాగా లేదు. చెరకు తోటల వల్ల కొట్టుకుపోతున్న మట్టిని నిలపడానికి 1902లో మొలోకాఇ ద్వీపంలో ఎర్ర మడను తెచ్చి నాటారు. నీటిలో తేలే దాని మొలకలు క్రమంగా మిగతా ద్వీపాలకూ పాకాయి. ఇక్కడి పీతలు, చేపలు, పక్షులు ఆ చెట్టుతో కలిసి పెరిగినవి కావు. హవాయి పొడుగుకాళ్ల ఉల్లంకి పిట్ట ఆఏఓ మేత వెతుక్కునే, గూడు పెట్టుకునే ఖాళీ బురదనేలలను అది మూసేస్తుంది. రాతి కట్టడాల సందుల్లోకి వేళ్లు దూర్చి వాటిని విడగొడుతుంది.

ఆ రాతి కట్టడాల్లో ముఖ్యమైనది హెఎయా చేపల చెరువు. సుమారు 600 నుంచి 800 ఏళ్ల కిందట కట్టిన ఈ చెరువు విస్తీర్ణం 88 ఎకరాలు. రెండు వరుసల నల్లరాయి మధ్య పగడపు ముక్కలు నింపి కట్టిన గట్టు పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. సముద్రపు నీరు, వాగు నీరు కలిసే ఈ చెరువుకు మాకాహా అనే తూములు ఉంటాయి. వాటి కర్రల సందుల్లోంచి చేపపిల్ల లోపలికి వస్తుంది, బలిసిన చేప బయటికి పోలేదు. 1965 వరదలో గట్టుకు గండి పడింది. 2001లో ఏర్పడిన పాయెపాయె ఓ హెఎయా అనే స్థానిక సంస్థ మడ చెట్లను నరికిస్తూ, గట్టును రాయి రాయిగా మళ్లీ పేరుస్తూ వస్తోంది.

అలాగని కోరింగలో మడ మొక్క నాటడం తప్పని ఎవరూ అనుకోనక్కర్లేదు. అక్కడ అది ఇంటి మనిషి, ఇక్కడ పిలవని చుట్టం.

అపోహ: కొండ వాగు నీరు అద్దంలా ఉంది కాబట్టి అది సురక్షితం.

లెప్టోస్పైరోసిస్ అనే జ్వరాన్ని కలిగించే బ్యాక్టీరియా తేట నీటిలో కూడా ఉంటుంది. ఎలుకలు, ముంగిసలు, పందులు విసర్జించే మూత్రం ద్వారా అది నీటిలోనూ తడి మట్టిలోనూ చేరి, చర్మం మీది గాయం ద్వారానో కళ్లు, ముక్కు, నోటి ద్వారానో ఒంట్లోకి వెళుతుంది. అందుకే చిన్న గీత ఉన్నా మేము నీటిలోకి దిగనివ్వం, ఒడ్డున లెక్క రాసే పని ఇస్తాం. ఆ తరువాత రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే వైద్యుడికి వాగులో దిగిన సంగతి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అది మామూలు ఫ్లూలాగే కనిపిస్తుంది, తొలి దశలో యాంటీబయాటిక్‌తో తేలిగ్గా నయమవుతుంది. వాగు ఒడ్డున మొలిచే ఆకుకూరలను పచ్చిగా తినకూడదు. నత్తలు, జలగల్లాంటి స్లగ్‌ల ద్వారా ఎలుక ఊపిరితిత్తుల పురుగు మనిషిని చేరుతుంది.

దీనికి తలకిందులైన అపోహ కూడా ఒకటి ఉంది: పరీక్షలో ఎంటెరోకాకస్ బ్యాక్టీరియా ఎక్కువగా వస్తే మురుగు కలిసినట్టేనని. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ ఫుజియోకా చేసిన పరిశోధనలు ఆ బ్యాక్టీరియా ఈ ఉష్ణమండల మట్టిలో సహజంగానే బతుకుతుందని చూపించాయి. అందుకే ఇక్కడి ఆరోగ్య శాఖ క్లాస్ట్రిడియం అనే మరో సూచికను కూడా చూస్తుంది. ఏదేమైనా, వాన తరువాత నీరు గోధుమరంగులో ఉన్న రోజున శ్రమదానం వాయిదా వేయడమే మా నియమం.

అపోహ: వాగులోని రాళ్లు, మట్టి అన్నీ ఎత్తిపోస్తే నీరు బాగా పారుతుంది.

రాళ్లను కదపవద్దు. వాటి కిందే ఓఓపు అనే స్థానిక చేపలు గుడ్లు పెడతాయి. ఐదు జాతులున్న ఈ చేపల పిల్లలు పుట్టగానే సముద్రంలోకి కొట్టుకుపోయి, కొన్ని నెలలు అక్కడ పెరిగి, తిరిగి వాగు ఎక్కి వస్తాయి. పొట్ట కింది రెక్కలు కలిసి ఏర్పడిన చూషకంతో తడి రాతిని పట్టుకుని ఎగబాకే ఒక జాతి, పెద్ద ద్వీపంలో దాదాపు 135 మీటర్ల ఎత్తున్న అకాకా జలపాతం పైన కూడా ఉంటుంది. అంత ఎత్తు ఎక్కగల చేపకు, ఎండకు కాలే సిమెంటు కాలువలో పలచగా పారే నీరు దాటరానిదవుతుంది. పైగా వాగు గర్భాన్ని మార్చడానికి రాష్ట్ర నీటి వనరుల కమిషన్ అనుమతి కావాలి. ఒడ్డు చాలాచోట్ల ప్రైవేటు భూమి, యజమానిని అడగాలి. కోసిన కొమ్మలను గుట్టగా వదిలి వెళ్లడమూ తగదు, 2013లో ఓఆహులో కనిపించిన కొబ్బరి కొమ్ము పురుగు అలాంటి కుళ్లే గుట్టల్లోనే సంతానం పెంచుతుంది. మన కోనసీమ రైతులకు ఈ పురుగు పరిచయం అక్కర్లేదు.

అపోహ: నెలకోసారి మూడు గంటలు వచ్చినంత మాత్రాన ఏమీ మారదు.

హెఎయా చేపల చెరువు గట్టుకు 1965లో పడిన గండి 2015లో మూతపడింది. వాలంటీర్లు వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి రాళ్లు అందించుకుంటూ పేర్చిన గట్టు అది. వారిలో చాలామంది నెలకోసారి వచ్చేవారే. ప్రతి ఆటుపోటుతోనూ మడ మొలకలు ఇప్పటికీ తేలుతూ వస్తూనే ఉన్నాయి. వేరు పట్టిన మొదటి నెలల్లో పదేళ్ల పిల్ల కూడా రెండు వేళ్లతో దానిని పీకేయగలదు. అదే కొన్నేళ్లు వదిలేస్తే రంపం, పడవ, పదిమంది పెద్దవాళ్లు కావాలి.