లెక్క అడగాల్సినవాళ్లే పక్కన కూర్చున్నారు

అమెరికాలో హైవేకి డబ్బిచ్చేది వాషింగ్టన్, వేయించేది రాష్ట్రం. రాష్ట్రమే టెండరు పిలిచి, కాంట్రాక్టరుకు డబ్బు కట్టి, ఆ బిల్లు చూపించి కేంద్రం వాటా రాబట్టుకుంటుంది. 1916 చట్టంతో మొదలైన ఏర్పాటు ఇది. అప్పట్లో ఖర్చు చెరిసగం. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో అంతర్రాష్ట్ర రహదారుల పని ఊపందుకున్నాక కేంద్రం వాటా 90 శాతానికి చేరింది. పదింట తొమ్మిది పాళ్లు ఎదుటివాడి సొమ్మయితే చెయ్యి ఎంత బిగిసి ఉంటుందో చెప్పాలా? 1959కల్లా జాన్ బ్లాట్నిక్ నాయకత్వంలో ప్రతినిధుల సభ ఉపసంఘం అక్రమాలు తవ్వడం మొదలుపెట్టింది.

అయినా 1991 చట్టం పగ్గాలు వదులు చేసింది. చాలా పనుల్లో డిజైన్లు, అంచనాలు చూసుకునే పని రాష్ట్రాలకే అప్పగించొచ్చు అంది. కేంద్ర ఇంజినీర్లకు రాష్ట్రం 'పార్ట్‌నర్' అయింది.

ఆ పార్ట్‌నర్‌షిప్ ఎంత దూరం పోయిందో బోస్టన్‌లో తేలింది. ఊరి మధ్యలోని ఎత్తు రోడ్డును భూమి కిందికి దించే పని, 'బిగ్ డిగ్'. దీనికి డబ్బిచ్చే బిల్లును 1987లో అధ్యక్షుడు రీగన్ వీటో చేస్తే, సెనేట్ 67-33తో, అంటే కావలసిన మూడింట రెండొంతులకు సరిగ్గా సరిపోయే ఓట్లతో, మళ్లీ నెగ్గించింది. తొలి అంచనా 300 కోట్ల డాలర్ల లోపు. చివరికి తేలింది 1,500 కోట్లకు దగ్గర.

2000 ఫిబ్రవరి 1న జరిగింది మరీ విడ్డూరం. ప్రాజెక్టు ఆర్థిక ప్రణాళిక బాగానే ఉందని ఫెడరల్ హైవే విభాగం ఓకే చెప్పింది. గంటలు గడవకుండానే ఇంకో 140 కోట్ల డాలర్లు కావాలని ప్రాజెక్టు అధికారులు బయటపెట్టారు. రాష్ట్రంతో ఉండాల్సినంత ఎడం పాటించలేకపోయారని ఆ విభాగం సొంత టాస్క్‌ఫోర్సే తర్వాత ఒప్పుకుంది. ప్రాజెక్టు అధిపతి జేమ్స్ కెరాసియోటిస్ ఏప్రిల్లో పదవి వదులుకున్నారు. 2005 చట్టం 50 కోట్ల డాలర్లు దాటిన ప్రతి ప్రాజెక్టుకూ ఏటా ఆర్థిక ప్రణాళిక ఇవ్వాలంది.

చూపంతా డబ్బు మీదే ఉంది. 2006 జులై 10 రాత్రి అదే ప్రాజెక్టులోని సొరంగంలో పైకప్పు కాంక్రీటు పలకలు కారు మీద పడి ఒక మహిళ చనిపోయారు. బోల్టులను పట్టి ఉంచాల్సిన ఎపాక్సీ జిగురు నిత్యం మోసే బరువుకు మెల్లమెల్లగా సాగిపోయిందని దర్యాప్తులో తేలింది. కొన్ని బోల్టులు కిందికి జారడం 1999లోనే కనిపించింది. సరిచేశారు, ఎందుకు జారాయో మాత్రం తేల్చలేదు.

1967లో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది పోయాక, 1971లో వంతెనల తనిఖీకి జాతీయ నిబంధనలొచ్చాయి. సొరంగాలకు అప్పట్లో అలాంటివేమీ లేవు. వాటిని రెండేళ్లకోసారి తనిఖీ చేయాలన్న రూలు 2015లో గానీ రాలేదు.