పంజరం కనపడని బొమ్మ

నరసాపురం,
ఆదివారం.

బంగారాలూ,

మీరు పంపిన పక్షుల బొమ్మ మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాను. "చెరువు దగ్గర హాయిగా తిరుగుతున్నాయి, పంజరం అంటావేంటి అమ్మమ్మా?" అని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే తీరదని రాస్తున్నాను.

ఆ బొమ్మ డచ్చి చిత్రకారుడు మెల్కియోర్ డి హోండెకూటర్ 1680 ప్రాంతంలో వేశాడు. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియంలో ఉంది. సంచీ ముక్కుది గూడబాతు. దాని చుట్టాలు మన కొల్లేట్లోనూ ఉన్నాయి. కాసోవరీ అనే పెద్ద పక్షిది న్యూగినీ అడవి. నెత్తిన కుచ్చున్న కొంగది ఆఫ్రికా. ఇవన్నీ ఒకే చెరువు గట్టున ఎలా కలిశాయర్రా? ఓడల్లో తెచ్చారు. అలాంటి పక్షుల్ని పెంచుకోవడం ఐరోపా రాజులకీ షావుకార్లకీ గొప్ప. ఆ శతాబ్దంలోనే డచ్చి ఓడలు మన వైపూ వచ్చాయి. పాలకొల్లులో వర్తకపు కొఠీ పెట్టి, మన సాలెవాళ్లు నేసిన గుడ్డలు కొనుక్కెళ్లారు.

మరి ఎగిరిపోవేం అంటారా? కాసోవరీకి ఎలాగూ ఎగరడం రాదు. మిగతావాటి సంగతికి నా చిన్నప్పటి మాట ఒకటి చెప్పాలి. మా ఇంటి అరుగు మీద రామచిలుక ఉండేది. పంజరం తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. ఎందుకని అడిగితే మా నాయనమ్మ దాని రెక్క విప్పి చూపించింది. పొడుగాటి ఈకలన్నీ సగానికి కత్తిరించి ఉన్నాయి, చివర్లు మొండిగా, చీపురు పుల్లల్లా. జామచెట్టు మీద చిలకలు అరిస్తే అది అరుగు అంచుదాకా నడిచొచ్చి, మెడ చాచి పైకి చూసేది. అలా నడిచి రావడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. (చిలకల్ని పెంచడం ఇప్పుడు నేరం, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.) రాజుల తోటల్లోనూ పక్షులు పోకుండా రెక్కలు కత్తిరించడం మామూలే.

ఇప్పుడు బొమ్మలో నీళ్ల మీద చూడండి. ఊదితే కదిలేలా చిన్న ఈక తేలుతోంది. ఆ బొమ్మకి 'తేలే ఈక' అనే పేరు దానివల్లే వచ్చింది. తన చేతి నేర్పు చూపడానికే వేశాడేమో ఆయన. నాకు మాత్రం, అన్ని పక్షులున్న ఆ తోటలో ఎటైనా పోగలిగింది ఆ ఈక ఒక్కటే అనిపిస్తుంది.

సంక్రాంతికి రండి. ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్తాను. అక్కడ గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి, పొద్దున్నే లేచి కొల్లేరు మీదుగా బారులు కట్టి వెళ్తాయి. అవి రెక్క ఎంత వెడల్పు చాపుతాయో చూద్దురుగాని.

మీ
అమ్మమ్మ