శవం కన్ను తెరిచిన కథ

1803 జనవరిలో లండన్‌లో జార్జ్ ఫాస్టర్ అనే ఖైదీని ఉరితీశారు. శవం జొవాన్నీ ఆల్దీనీ అనే ఇటలీ శాస్త్రవేత్త చేతికి వచ్చింది. బ్యాటరీ తీగలు ముఖానికి ఆనించగానే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. చూస్తున్నవాళ్లలో కొందరు మనిషి బతికొస్తున్నాడనే అనుకున్నారు.

ఇందులో మాయేమీ లేదు. ప్రాణం పోయినా నరాలు, కండరాలు వెంటనే చచ్చుబడిపోవు. అప్పుడు కరెంటు తగిలితే కండరం ముడుచుకుంటుంది. ఆల్దీనీ మేనమామ గాల్వానీ కప్ప కాళ్లలో చూసిందీ ఇదే. అది జంతువులోనే ఉన్న విద్యుత్తు అని ఆయన, కాదని మరో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా. ఆ తగవులోంచే 1800లో బ్యాటరీ పుట్టింది.

ఫాస్టర్ చనిపోయేనాటికి, తర్వాత 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల రాసిన మేరీకి ఐదేళ్లు. పద్దెనిమిదేళ్లప్పుడు, 1816 వేసవిలో, కాబోయే భర్త, కవి పెర్సీ షెల్లీతో కలిసి జెనీవా సరస్సు ఒడ్డున ఉంది. అంతకుముందు ఏడాది ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, అది ఆకాశంలోకి చిమ్మిన గంధకపు పొర ఎండను అడ్డుకోవడంతో యూరప్‌లో ఆ వేసవి వేసవిలా లేదు. ఒకటే ముసురు. ఇంట్లో కూర్చుని తలా ఒక దెయ్యం కథ రాద్దామన్నాడు వాళ్లతో ఉన్న మరో కవి బైరన్. రోజూ పొద్దున్నే మేరీని "కథ దొరికిందా?" అని అడిగేవాళ్లు, లేదని చెప్పాల్సి వచ్చేది. ఎంత టెన్షనో! ఒక రాత్రి బైరన్, షెల్లీ ప్రాణం రహస్యం గురించి, గాల్వానీ ప్రయోగాల గురించి మాట్లాడుకుంటుంటే విన్నది. పడుకుంటే నిద్ర పట్టలేదు, కథ కళ్లముందు కదిలింది.

ఈ నవల ఎలా పుట్టిందంటే అందరూ తంబోరా దగ్గరే ఆగిపోతారు. నాకైతే మేరీ డైరీ ముఖ్యం. 1815లో నెలలు నిండకుండా పుట్టిన కూతురు కొద్ది రోజులకే పోయింది. చల్లబడిన బిడ్డను నిప్పు దగ్గర రుద్దితే బతికినట్టు కల వచ్చిందని మార్చిలో రాసుకుంది. తనను కన్న పదకొండు రోజులకే తల్లి చనిపోయింది కూడా.

అందుకేనేమో, నవలలో ప్రాణం పోసే చోట సినిమాల్లోలా పిడుగులు, పెద్ద యంత్రాలు లేవు. నవంబరు రాత్రి, కిటికీ అద్దాల మీద వాన, ఆరిపోబోతున్న కొవ్వొత్తి. పసుపురంగు కన్ను ఒకటి తెరుచుకుంటుంది. ప్రాణం పోసిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ దాన్ని వదిలేసి పారిపోతాడు. కన్నవాడే కాదనుకున్న ఆ జీవి తిప్పలే మిగతా కథంతా.

1818లో 500 కాపీలతో, రచయిత పేరు లేకుండా పుస్తకం వచ్చింది. ముందుమాట రాసింది షెల్లీ కావడంతో నవలా ఆయనదేననుకున్నారు చాలామంది. ఇంగ్లిష్ పుస్తకం మీద మేరీ పేరు కనిపించింది 1823లో.