మూత లేని బగోనాలో ఆవిరైపోతున్న సిలిండర్

మా బావ ఆదిలాబాద్‌లో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతాడు. డిసెంబర్ వచ్చిందంటే ఒకటే మాట, "చలికాలం గ్యాస్ మస్తు కాల్తది, ఏం జేస్తం" అని. అక్కడ చలి మాత్రం నిజమే, రాత్రిళ్ళు పది డిగ్రీల కిందకి పడిపోవడం మామూలే, తెల్లారుజామున డ్రమ్ములో చెయ్యి పెడితే జివ్వుమంటుంది. కానీ ఖర్చంతా చలి మీదే నెట్టేస్తే ఎలా అని పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 4.2 కిలోజౌల్స్ (వేడిని కొలిచే లెక్క) కావాలి. 20 లీటర్ల బగోనా మరగడానికి, నీళ్ళు 28 డిగ్రీల దగ్గర ఉంటే సుమారు 6,000, చలికి 16 దగ్గర ఉంటే సుమారు 7,000. అంటే చలి పెంచింది వెయ్యి, ఆరో వంతు. ఇప్పుడు ఇంకో సంగతి, మరిగిన నీళ్ళు ఒక్క లీటరు ఆవిరి అవ్వాలంటే 2,257 కిలోజౌల్స్ లాగేస్తుంది! చలి వల్ల ఎక్కువైన ఖర్చు మొత్తం కలిపినా అర లీటరు ఆవిరికి సరిపోదు.

బావ దగ్గర ప్లేట్లు కడగడానికి వేడినీళ్ళ బగోనా పొద్దుటి నుంచి మూత లేకుండా కుతకుతా ఉడుకుతూనే ఉంటుంది. నీళ్ళు ఎవరూ తియ్యకుండా గంటసేపు ఆపి, పుల్ల ముంచి కొలిచాం. 3 లీటర్లు తగ్గింది. కిలో గ్యాస్‌లో సుమారు 46,000 కిలోజౌల్స్ ఉంటాయి, అందులో సగం గిన్నెలోకి చేరిందనుకున్నా లీటరు ఆవిరికి 100 గ్రాముల గ్యాస్. గంటకి 300 గ్రాములు, రోజుకి నాలుగు గంటలంటే కిలో పైనే, పదహారు రోజులకి ఒక 19 కిలోల సిలిండర్ ఉత్త ఆవిరిగా పోతోంది. బావ కాసేపు మాట్లాడలేదు.

మరిగాక మంట ఎంత పెంచినా నీళ్ళ వేడి పెరగదు, ఆవిరే పెరుగుతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి పనికొస్తుంది, ఎందుకంటే అది చల్లటి పిండికి తగిలి మళ్ళీ నీరైనప్పుడు తను మోసుకొచ్చిన వేడంతా పిండికి ఇచ్చేస్తుంది, కానీ అంచుల్లోంచి బుస్సుమని బయటికి వచ్చేది మాత్రం దండగే. అక్కడ మంట తగ్గించొచ్చు.

చలికి నిజంగా ఇబ్బంది పడేది సిలిండర్. లోపలున్నది ద్రవం, అది గ్యాస్ అవ్వడానికి వేడిని సిలిండర్ ఇనుము ద్వారా బయట గాలి నుంచే తీసుకోవాలి. అందులో ప్రొపేన్, బ్యూటేన్ అని రెండు కలిసి ఉంటాయి, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గానీ బ్యూటేన్ సున్నాకి కాస్త కింద, అందుకే చలిలో ప్రెజర్ పడిపోతుంది, పెద్ద బర్నర్లు రెండూ పెడితే సిలిండర్ ఇంకా చల్లబడి మీద చెమట పడుతుంది. ద్రవం తగ్గే కొద్దీ అది తాకే ఇనుము తగ్గుతుంది కాబట్టి చివర్లో మంట మరీ నీరసం, గ్యాస్ అయిపోయిందనుకుని లోపల మిగిలి ఉండగానే వెనక్కి పంపేస్తారు. దయచేసి దాని మీద మరిగే నీళ్ళు పొయ్యకండి, పడుకోబెట్టకండి, చాలా ప్రమాదం. ఏజెన్సీ వాళ్ళ చేత రెండు సిలిండర్లు కలిపి పైప్ వేయించుకుంటే ఒక్కోదాని మీద భారం సగమవుతుంది.

బావ ఆ రోజే పాత అల్యూమినియం తాంబాళం బగోనా మీద మూతగా పెట్టి మంట సిమ్‌లోకి తెచ్చాడు. మేడ మీద నల్ల ట్యాంకులో మధ్యాహ్నం ఎండకి వెచ్చబడ్డ నీళ్ళు సాయంత్రమే డ్రమ్ములోకి పట్టి గోనెసంచులు చుట్టి ఉంచుతున్నాడు, తెల్లారేసరికి కుళాయి నీళ్ళకన్నా బాగా గోరువెచ్చగా ఉంటున్నాయి, అవి గిన్నెలు కడగడానికే. నీరసపడ్డ సిలిండర్‌ని ఇప్పుడు వెనక్కి పంపట్లేదు, చాయ్ పెట్టే చిన్న పొయ్యికి తగిలిస్తున్నాడు, అక్కడ ఇంకా కొన్నాళ్ళు వెలుగుతోంది.