ఏప్రిల్ మంచు బరువు

ఎండాకాలం సెలవులకు ఉత్తరాఖండ్‌లోని చోప్తా వెళ్లేవాళ్లు తరచుగా అడిగే మాట: "నిన్న మంచు పడిందట, అడవిలో నడవొచ్చా?" నడవొచ్చు. కాలు జారుతుందని అందరూ హెచ్చరిస్తారు. తలమీదున్న కొమ్మ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

చోప్తా సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కణ్నుంచి తుంగనాథ్ గుడికి వెళ్లే బాట మొదట్లో ఖర్సు ఓక్, బురాంశ్ (రోడోడెండ్రాన్) చెట్ల మధ్య నుంచే సాగుతుంది. రెండూ చలికాలంలోనూ ఆకులు ఉంచుకునే చెట్లే. పైగా ఏప్రిల్‌లో బురాంశ్ పూత మీద ఉంటుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి వానా మంచూ తెచ్చే పశ్చిమ అలజడి వచ్చి మంచు కురిపిస్తే, పడినదాన్ని ఆ ఆకులూ పూలగుత్తులూ దోసిలి పట్టినట్టు నిలుపుకుంటాయి.

జనవరి మంచుకీ ఏప్రిల్ మంచుకీ తేడా అందులోని నీళ్లు. సున్నా డిగ్రీల దగ్గర నీరు గడ్డకడుతుందని మన పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అదే సున్నా దగ్గర మంచూ నీళ్లూ కలిసే ఉండగలవని పిల్లలకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కథంతా దానిదే. పొడి బియ్యప్పిండి గుప్పిట్లోంచి జారిపోతుంది. అరిసెలకు పట్టిన తడిపిండి నొక్కితే ముద్దవుతుంది. మంచూ అంతే. రేణువుల మధ్య చేరిన సన్నని నీటిపొర తలతన్యతతో వాటిని ఒకదానికొకటి, ఆకుకీ అతికిస్తుంది. గ్లౌజు వేసుకున్న చేత్తో గుప్పెడు మంచు పిసికి చూడండి. రాలిపోతే పొడిది. ఉండ కడితే చెమ్మ ఉన్నట్టు. నీళ్లు కారితే బాగా తడిసినట్టు.

ఇప్పుడు బరువు. కొత్తగా పడిన పొడిమంచు ఘనపు మీటరు 50 నుంచి 100 కిలోలు తూగితే, తడిమంచు 200 కిలోలు దాటగలదు. 200 లెక్కన 15 సెంటీమీటర్ల మందం నిలిస్తే చదరపు మీటరుకు 30 కిలోలు. రెండున్నర చదరపు మీటర్లు పరుచుకున్న కొమ్మ మీద 75 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు. పైగా ఆకులు కొమ్మ చివర్లోనే ఎక్కువ. నీళ్లబిందె చంకనుంటే మోయగలం, చెయ్యి చాచి పట్టుకుంటే భుజం లాగేస్తుంది. కొమ్మ మొదలు పడే బాధ అదే. అందుకే చాలాసార్లు మాను దగ్గరే చీలుతుంది.

రాత్రి ఆ తడి గడ్డకట్టి మంచును కొమ్మకు బిగిస్తుంది. ఉదయం ఎండ తగిలాక ముందు చుక్కలు రాలతాయి, తర్వాత పొడిలా సన్నని ధార, ఆపైన ముద్ద మొత్తం ఊడిపడుతుంది. బరువు పోయిన కొమ్మ ఒక్కసారిగా పైకి లేచి పక్క కొమ్మను కొడుతుంది, దాని మంచూ రాలుతుంది. ఆ సన్నని ధార కనబడగానే పక్కకు తప్పుకోవాలి. పటపటమని చప్పుడు వినిపిస్తే బాటలోనే వెనక్కి వచ్చేయాలి. చింతచెట్టు కింద దయ్యం ఉంటుందని మన పెద్దలు పిల్లల్ని భయపెట్టేవారు. ఇక్కడ భయపడడానికి దయ్యం అక్కర్లేదు. ఫొటోకో, టీకో చెట్టు కింద ఆగవద్దు. ఖాళీ జాగా చూసుకుని, దగ్గరి చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఆగండి.

మిగతావి క్లుప్తంగా: బూట్లకు ముళ్ల పట్టీలు, నల్ల కళ్లద్దాలు (కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది), జీన్స్ బదులు ఉన్ని లేదా సింథటిక్ బట్టలు. నూలు తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది. చెట్లు దాటాక 30 డిగ్రీలకు మించిన వాలు మీద మధ్యాహ్నం తడిమంచు జారిపడే ప్రమాదం ఉంది, దాని కిందుగా పోవద్దు.

ఎప్పుడు బయల్దేరాలో అడవే చెబుతుంది. రోడ్డు మీద నిలబడి చూడండి. చెట్ల తలలు ఇంకా తెల్లగా ఉంటే ఆ రోజుకి ఆగడమే మేలు. పచ్చదనం బయటపడిందంటే మంచు చాలావరకు దిగిపోయినట్టు. అప్పటికీ విరిగి వేలాడే కొమ్మలుంటాయి. లేత రంగు చెక్క కొత్తగా కనిపిస్తే పైన వెతకండి. బాటకు అడ్డంగా వంగి, కొస మంచులో కూరుకుపోయిన సన్నని చెట్టును దాటకండి, కొస మీది మంచు తీయకండి. అది ఎక్కుపెట్టిన విల్లు. చుట్టు తిరిగి, మొదలు వైపు నుంచి వెళ్లండి.