మహమ్మారి బాకీ ఎవరి పద్దులో పడుతుంది?

2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఖాతాదారులు ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకున్నారు. మర్నాడు బ్యాంకు మూతపడింది. అప్పటికి జనం మాస్కులు మూలన పడేశారు, కొవిడ్ మాట వార్తల్లో లోపలి పేజీలకు జారిపోయింది. అందరూ బ్యాంకు యాజమాన్యాన్ని తిట్టారు, నియంత్రణ సంస్థల నిద్రమత్తును తిట్టారు. తిట్టాల్సిందే. అయితే ఆ బ్యాంకు పద్దులు మూడేళ్లు వెనక్కి తిప్పితే ఇంకొకటి కనిపిస్తుంది. 2019 చివర దాని డిపాజిట్లు దాదాపు 6,200 కోట్ల డాలర్లు. 2021 చివరికి అవి 18,900 కోట్లు. రెండేళ్లలో మూడింతలు! మహమ్మారి కాలంలో వడ్డీ దాదాపు సున్నాకు దిగినప్పుడు పొంగిన డబ్బు అది. ఆ డబ్బుతో బ్యాంకు దీర్ఘకాలిక బాండ్లు, అంటే ఏళ్ల తర్వాత అసలు తిరిగొచ్చే అప్పు పత్రాలు, కొని కూర్చుంది.

తక్కువ వడ్డీ ఇచ్చే బాండు చేతిలో ఉండగా బజారులో వడ్డీ పెరిగితే, ఆ పాత బాండును అసలు ధరకు ఎవరూ కొనరు. గడువు దాకా ఉంచుకోగలిగితే నష్టం కాగితం మీదే ఉంటుంది. డిపాజిటర్లు వచ్చి డబ్బు అడిగితే మాత్రం అమ్మక తప్పదు, నష్టం నిజమవుతుంది. ఆ బ్యాంకుకు జరిగింది అదే.

మహమ్మారి ఆర్థిక చరిత్ర చదివేటప్పుడు నాకు పదే పదే తగిలే సంగతి ఇది. బాకీ ఒకచోట పుడుతుంది, మరోచోట వసూలవుతుంది, అదీ ఏళ్లు గడిచాక. ఇంటి పద్దు నుంచి బ్యాంకు పద్దుకు, అక్కడి నుంచి ఖజానాకు, ఖజానా నుంచి మళ్లీ ఇళ్లకు చేతులు మారుతూ పోతుంది. ఈ తిరుగుడు కొత్తదేమీ కాదు, 14వ శతాబ్దం నుంచీ ఉన్నదే.

సగం ఊరు పోయినా తగ్గని శిస్తు

1348లో ప్లేగు ఇంగ్లండ్ చేరింది. రెండేళ్లలో జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారని చరిత్రకారుల అంచనా. అక్కడి ప్రధాన పన్నును 1334లో ఊరికింత అని ఖాయం చేసి పెట్టారు. జనం చచ్చిపోయినా ఆ అంకె మారలేదు. నిన్న వందమంది పంచుకున్న భారం ఇవాళ యాభైమంది మీద పడింది.

మరోవైపు పొలాల్లో పనివాళ్లు దొరకడం లేదు కాబట్టి కూలి పెరిగింది. బతికి బయటపడ్డ పేదవాడికి తరాల తర్వాత మొదటిసారి బేరమాడే బలం వచ్చింది. భూస్వాములు ఊరుకుంటారా? 1349లో రాజాజ్ఞ, 1351లో పార్లమెంటు చట్టం. కూలి ప్లేగుకు ముందున్న రేటు దాటకూడదని, దాటితే జరిమానా అని. ఆ జరిమానాల్లో కొంత తీసి ఊళ్ల పన్ను భారం తగ్గించడానికి వాడారు కూడా. ఎక్కువ కూలి అడిగినవాడి జేబులోంచి తీసి శిస్తు లోటు పూడ్చారన్నమాట. ఖజానా తెలివితేటలు ఆరున్నర శతాబ్దాల క్రితమే ఇంత పదునుగా ఉన్నాయి.

దాంతోనూ సరిపోలేదు. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది. 1377లో తలకు నాలుగు పెన్నీల పన్ను వేశారు. 1380లో దాన్ని సగటున 12 పెన్నీలు చేశారు. 1381లో రైతులు లండన్ మీదకు నడిచివచ్చారు. ప్లేగుకూ తిరుగుబాటుకూ మధ్య 33 ఏళ్లు.

ఈ కాలం నుంచి నేటిదాకా పెద్ద మహమ్మారులను వరసగా పరిశీలించిన ఆర్థికవేత్తలు ఒక ధోరణిని పట్టుకున్నారు. మహమ్మారి తర్వాత కొన్ని దశాబ్దాల పాటు వాస్తవ వడ్డీ రేట్లు, అంటే ధరల పెరుగుదల తీసేశాక మిగిలే వడ్డీ, తక్కువగా ఉంటాయి. యుద్ధంలో మనుషులతో పాటు వంతెనలు, మిల్లులు, ఇళ్లు నాశనమవుతాయి కాబట్టి మళ్లీ కట్టుకోవడానికి పెట్టుబడి కావాలి, వడ్డీ పెరుగుతుంది. మహమ్మారిలో మనుషులు పోతారు, కట్టడాలు మిగులుతాయి. పైగా బతికినవాళ్లు భయంతో డబ్బు దాచుకుంటారు. అప్పిచ్చేవాళ్లు ఎక్కువ, తీసుకునేవాళ్లు తక్కువ. కొవిడ్ మాత్రం ఈ సూత్రాన్ని తలకిందులు చేసింది, దాని సంగతి తర్వాత.

వెనిస్ గుమాస్తా కలం

వెనిస్‌లో 1619లో బాంకో దెల్ జీరో అనే ప్రభుత్వ బ్యాంకు పెట్టారు. దాని పని సులువు. ప్రభుత్వానికి సరుకులమ్మిన వర్తకుడికి నాణేలివ్వరు, బ్యాంకు పుస్తకంలో అతని పేరున జమ రాస్తారు. అతను ఎవరికైనా బాకీ ఉంటే గుమాస్తా అతని పేరు కింద ఖర్చు, అవతలివాడి పేరు కింద జమ రాస్తాడు. ఒక్క నాణెం కదలకుండా బాకీ తీరిపోతుంది.

1630లో ప్లేగు వచ్చింది. దాదాపు 1,40,000 జనాభా ఉన్న నగరంలో మూడో వంతు మంది ఏడాదిన్నరలో పోయారు. రోగులను దీవుల్లోని లాజరెట్టోలనే క్వారంటైన్ ఆసుపత్రుల్లో ఉంచాలి, ఇళ్లలో నిర్బంధించినవాళ్లకు తిండి పంపాలి, శవాలు మోసేవాళ్లకు కూలివ్వాలి. వ్యాపారం ఆగిపోయింది, సుంకాలు రావడం లేదు, పక్కనున్న మాంటువా రాజ్యం కోసం యుద్ధం. ఖజానాలో నాణేలు లేకపోయినా గుమాస్తా చేతిలో కలం ఉంది. జమలు రాసుకుంటూ పోయారు. పుస్తకంలో డబ్బు పెరిగింది, బయట సరుకు పెరగలేదు. బ్యాంకు డబ్బు విలువ నాణేలతో పోలిస్తే పడిపోయింది. వెనిస్ పాలకులు అక్కడితో ఆగారు, తర్వాత ఆ నిల్వలను తగ్గించుకుంటూ వచ్చారు. కానీ ఈలోపు నష్టపోయింది ఎవరు? పుస్తకంలో పేరున్నవాళ్లు, నాణేలుగా మార్చుకోలేక ఆ జమనే డబ్బనుకుని కూర్చున్నవాళ్లు.

2020లో కేంద్ర బ్యాంకులు కూడా తమ పుస్తకాల్లో కొత్త డబ్బు రాసి ప్రభుత్వ బాండ్లు కొన్నాయి. దాన్ని చాలామంది మునుపెన్నడూ ఎరగని ప్రయోగం అన్నారు. వెనిస్ గుమాస్తా విని ఉంటే నవ్వేవాడు.

1918 నాటి ఫ్లూ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. కనీసం రెండు కోట్లమంది, కొన్ని అంచనాల ప్రకారం ఐదు కోట్లమంది చనిపోయినా, ప్రభుత్వ బడ్జెట్లలో దాని జాడ వెతికితే దొరకడం కష్టం. యుద్ధ ఖర్చు దాన్ని మింగేసింది. పైగా చాలా దేశాల్లో నిరుద్యోగ భృతి లేదు, వైద్య బీమా లేదు. ఆ జబ్బు 20 నుంచి 40 ఏళ్ల మధ్యవాళ్లను ఎక్కువగా కొట్టింది. సంపాదించే మనిషి పోతే ఆ లోటును ఇంటివాళ్లే మోశారు. బాకీ మొత్తం ఒకే పద్దులో, ఇంటి పద్దులో పడింది కాబట్టి లెక్కల్లోకి ఎక్కలేదు.

ముందుగా దాచిన డబ్బు కథ

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా విరుచుకుపడ్డాక, వ్యాధి వచ్చాక చందాలు పోగు చేయడం కన్నా ముందే నిధి సిద్ధంగా ఉంచుకుంటే మేలన్న ఆలోచన వచ్చింది. 2017లో ప్రపంచ బ్యాంకు 32 కోట్ల డాలర్ల మహమ్మారి బాండ్లు అమ్మింది. కొన్నవాళ్లకు మంచి వడ్డీ, ఒక రకానికైతే రెండంకెల్లో. మహమ్మారి వస్తే మాత్రం అసలు వదులుకోవాలి. ఆ సొమ్ము పేద దేశాలకు వెళ్తుంది.

వినడానికి బాగుంది. కిటుకు షరతుల్లో ఉంది. ఎబోలాకు సొమ్ము విడుదల కావాలంటే రెండో దేశంలో కనీసం 20 మంది చనిపోవాలి. 2018లో కాంగోలో మొదలైన ఎబోలాకు రెండు వేలమందికి పైగా బలయ్యారు, కానీ వ్యాధి సరిహద్దు దాటి పెద్దగా పాకలేదు. దాంతో బాండ్ల సొమ్ము కదలలేదు. కొవిడ్ విషయంలో షరతులు నెరవేరాయని తేలి, 2020 ఏప్రిల్‌లో దాదాపు 19.6 కోట్ల డాలర్లు విడుదలై, 64 దేశాలకు పంపిణీ అయ్యాయి. అప్పటికే వ్యాధి ప్రపంచమంతా చుట్టేసింది. ఆ తర్వాత మళ్లీ అలాంటి బాండ్లు తేలేదు.

2020: ఖజానాలు తెరిచిన ఏడాది

మహమ్మారిలో ఖజానాకు రెండు వైపులా కోత. అమ్మకాలు ఆగి పన్ను రాదు, అదే సమయంలో ఆసుపత్రులకూ భృతులకూ ఖర్చు పెరుగుతుంది. 1918కీ 2020కీ తేడా ఏమిటంటే, ఈసారి స్తోమతున్న ప్రభుత్వాలు ఇంటి బాకీని తామే నెత్తినెత్తుకున్నాయి. 2020 మార్చి 27న అమెరికా 2.2 లక్షల కోట్ల డాలర్ల చట్టం చేసింది. అర్హులైన పెద్దలకు తలా 1,200 డాలర్ల దాకా పంపింది. బ్రిటన్ పని లేక ఇంట్లో కూర్చున్న ఉద్యోగి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్ల దాకా, తానే భరించింది. బడ్జెట్ లోటు స్థూల ఉత్పత్తిలో మూడు శాతం దాటకూడదన్న యూరప్ నిబంధనను పక్కన పెట్టారు. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) లెక్క ప్రకారం ప్రభుత్వాలు, కంపెనీలు, కుటుంబాలు అన్నీ కలిపి ప్రపంచ అప్పు 2020లో 226 లక్షల కోట్ల డాలర్లకు, అంటే ప్రపంచ స్థూల ఉత్పత్తికి రెండున్నర రెట్లకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక్క ఏడాదిలో అప్పు అంత పెరిగింది లేదు.

అయితే అప్పు అందరికీ ఒకేలా పుట్టదు. తన కరెన్సీలోనే అప్పు చేయగల దేశానికి కేంద్ర బ్యాంకు అండ ఉంటుంది. డాలర్లలో అప్పు చేసిన పేద దేశానికి లేదు. జీ20 దేశాలు వాయిదాల విరామం ప్రకటిస్తే 48 పేద దేశాలు వాడుకున్నాయి, దాదాపు 1,290 కోట్ల డాలర్ల చెల్లింపులు వాయిదా పడ్డాయి. ప్రైవేటు రుణదాతలు మాత్రం దాదాపుగా కలిసిరాలేదు. ముందే అప్పుల్లో ఉన్న జాంబియా 2020 నవంబరులో బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. ప్రపంచ బ్యాంకు అంచనాలో ఆ ఏడాది కటిక పేదరికంలోకి కొత్తగా జారినవాళ్లు దాదాపు ఏడు కోట్లమంది.

బ్యాంకులు ఎందుకు కూలలేదు?

2008 సంక్షోభం తర్వాత బ్యాంకులు ఎక్కువ మూలధనం, అంటే నష్టాలను తట్టుకునే సొంత సొమ్ము, ఉంచుకోవాలని నిబంధనలు బిగించారు. 2020లో ఆ దిండు పనికొచ్చింది. వాటాదారులకిచ్చే డివిడెండ్లు ఆపమని యూరప్ కేంద్ర బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. కానీ బ్యాంకులు నిలబడటానికి అంతకన్నా పెద్ద కారణం, వాటి నష్టం వేరే పద్దులకు తరలిపోవడమే. బ్రిటన్‌లో చిన్న వ్యాపారాలకు 50 వేల పౌండ్ల దాకా ఇచ్చిన బౌన్స్ బ్యాక్ రుణాలకు ప్రభుత్వం నూటికి నూరు శాతం పూచీపడింది. దాదాపు 4,700 కోట్ల పౌండ్లు అలా వెళ్లాయి. తీసుకున్నవాడు ఎగ్గొడితే బ్యాంకుకు పోయేదేమీ లేదు.

మిగిలింది మారటోరియం. చాలా దేశాల్లో రుణ వాయిదాలకు కొన్ని నెలల విరామం ఇచ్చారు. మామూలుగా 90 రోజులు వాయిదా అందకపోతే అప్పును మొండి బకాయిగా చూపాలి. ఆ గడియారాన్ని ఆపేశారు కాబట్టి బ్యాంకు పుస్తకాలు ఆరోగ్యంగా కనిపించాయి. మరి అప్పు తీసుకున్నవాడికి?

లెక్క వేసి చూద్దాం. లక్ష అప్పు, 20 ఏళ్ల గడువు, 9 శాతం వడ్డీ. నెల వాయిదా దాదాపు 900. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 150. ఇప్పుడు మొదట్లోనే ఆరు నెలలు వాయిదా కట్టలేదనుకుందాం. వడ్డీ అసలులో కలిసి అప్పు 1,04,585 అవుతుంది. దాని మీద నెల వడ్డీ 784. అదే 900 కడితే అసలుకు చేరేది 116 మాత్రమే. ఇలా పోతే 240 నెలల్లో తీరాల్సిన అప్పు 281 నెలలకు తీరుతుంది. ఆరు నెలల ఊరటకు 41 నెలల ఆలస్యం! బ్యాంకు మోసమేమీ లేదు, చక్రవడ్డీ లక్షణమే అంత. అప్పు చివరి ఏళ్లలో ఉన్నవాడికి ఇదే విరామం పెద్ద భారం కాదు. ఆ తేడాను విరామం తీసుకునే ముందు ఎంతమందికి వివరించారన్నదే ప్రశ్న.

ఇళ్లలో రెండు రకాల పొదుపు

2020 ఏప్రిల్‌లో అమెరికా కుటుంబాల పొదుపు రేటు ఏడు శాతం చుట్టుపక్కల నుంచి 30 శాతం పైకి లేచింది. జీతం ఆగనివాళ్లకు ఖర్చు పెట్టే దారి లేక మిగిలిన డబ్బు అది. దాన్ని పొదుపు అనడం కూడా కొంచెం ఎక్కువే, ఖర్చు వాయిదా పడిందంతే. రోజు కూలి మీద బతికేవాళ్ల ఇంట్లో ఉన్నది కరిగిపోయింది. సగటు అంకె ఈ రెండు ఇళ్లనూ కలిపేస్తుంది, అందుకే దాన్ని నమ్మి ఏదీ తేల్చలేం.

కొన్ని దేశాలు ముసలితనానికి దాచిన డబ్బును ముందే తీసుకోనిచ్చాయి. ఆస్ట్రేలియాలో రెండు విడతల్లో పదేసి వేల డాలర్లు తీసుకోవచ్చన్నారు. చిలీలో 2020 జులై నుంచి 2021 ఏప్రిల్ దాకా మూడుసార్లు, ఒక్కోసారి పది శాతం చొప్పున, పింఛను నిధి నుంచి తీసుకునే చట్టాలు వచ్చాయి. మొత్తం దాదాపు 5,000 కోట్ల డాలర్లు బయటికొచ్చాయి. చిన్న మొత్తాలున్నవాళ్లు పూర్తిగా ఊడ్చేసుకోవచ్చు కాబట్టి లక్షలమంది ఖాతాలు సున్నాకు చేరాయి. ప్రభుత్వం అప్పటికి తన జేబులోంచి ఇవ్వాల్సింది తగ్గింది. ఆ మనుషులు పనిమానే వయసుకు చేరినప్పుడు ఆ బాకీ మళ్లీ తలెత్తుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నిపుణుల భయం తప్పింది. వలస వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు 20 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో అంచనా వేసింది. చివరికి తగ్గింది రెండు శాతం లోపే. తాము తినీ తినకా మిగిల్చి పంపారు. ఏ ఖజానా ప్రకటించని సహాయ ప్యాకేజీ అది.

వాయిదా పడిన ఖర్చు 2021లో ఒక్కసారిగా బజారు మీద పడింది. సరఫరాలు ఇంకా కుదురుకోలేదు, 2022లో ఉక్రెయిన్ యుద్ధం తోడైంది. ధరల పెరుగుదల ఆ జూన్‌లో అమెరికాలో 9.1 శాతానికి, అక్టోబరులో బ్రిటన్‌లో 11.1 శాతానికి చేరింది. నామమాత్రపు వడ్డీకి డిపాజిట్ వేసుకున్నవాడి డబ్బు ఏడాదిలో దాదాపు పదో వంతు కరిగింది. ప్రభుత్వాల పాత అప్పు భారం జాతీయాదాయంతో పోలిస్తే తేలికైంది. వెనిస్ లెక్కే, కొత్త కలంతో.

ధరలను అదుపు చేయడానికి అమెరికా కేంద్ర బ్యాంకు 2022 మార్చి నుంచి వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. సున్నా దగ్గరున్న రేటు 2023 జులైకి ఐదు శాతం దాటింది. మహమ్మారి తర్వాత వడ్డీ తక్కువగా ఉంటుందన్న పాత సూత్రం ఇక్కడే తలకిందులైంది. ఆ దారిలోనే సిలికాన్ వ్యాలీ బ్యాంకు పడిపోయింది. డాలర్లలో అప్పున్న దేశాలకు కొత్త అప్పు మరింత ఖరీదైంది. జాంబియాకు రుణదాత దేశాలతో ఒప్పందం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది, బాండ్లు కొన్నవాళ్లతో తేలడానికి మరో ఏడాది పట్టింది.

యూరోపియన్ యూనియన్ కోలుకోవడానికి 75,000 కోట్ల యూరోల పథకం పెట్టి, చరిత్రలో తొలిసారి అంత పెద్ద ఎత్తున సభ్య దేశాలన్నిటి పేరున ఉమ్మడిగా అప్పు చేసింది. దాని అసలు తీర్చడం 2028లో మొదలుపెట్టి 2058కి పూర్తి చేయాలని రాసుకున్నారు. ఏ కొత్త ఆదాయంతో తీర్చాలన్న వాదన మాత్రం ఆ అప్పు చేసిన నాటి నుంచీ నడుస్తూనే ఉంది.