ఓజోన్ ఒప్పందాన్ని నిలబెట్టిన డబ్బు లెక్క

ముప్పై ఏళ్ల కిందట మన ఇళ్లలో ఫ్రిజ్‌లను చల్లబరిచింది ఆర్-12 అనే గ్యాసు. మెకానిక్కులు అంకెతోనే పిలిచే ఈ గ్యాసు క్లోరోఫ్లోరోకార్బన్ల కుటుంబానికి చెందినది. వీటివల్ల ఓజోన్ పొర దెబ్బతింటుందని 1974లో రసాయన శాస్త్రవేత్తలు మోలినా, రోలండ్ హెచ్చరించారు. అంటార్కిటికా మీద ఆ పొర ఏటా వసంతంలో విపరీతంగా పలచబడుతోందని 1985లో బ్రిటిష్ పరిశోధకులు కొలతలతో సహా ప్రకటించారు. ఈ రసాయనాల వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం మాంట్రియల్ ప్రోటోకాల్ 1987 సెప్టెంబరు 16న కుదిరింది. దీనిని శాస్త్రవిజ్ఞాన విజయంగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి ఒప్పందం ప్రపంచమంతటికీ వర్తించడానికి అసలు కారణం మరో మూడేళ్లకు తేలిన డబ్బు లెక్క.

మొదట్లో భారత్, చైనా ఒప్పందానికి దూరంగా ఉన్నాయి. ఈ రసాయనాలను అత్యధికంగా వాడినవి సంపన్న దేశాలు. ప్రత్యామ్నాయాల పరిజ్ఞానం ఉన్నదీ ఆ దేశాల కంపెనీల చేతుల్లోనే. తలసరి వాడకం ఏడాదికి 0.3 కిలోల లోపు ఉన్న వర్ధమాన దేశాలకు పదేళ్ల గడువు ఇచ్చారు గానీ, ఆ గడువు తీరాక కొత్త యంత్రాలు ఎవరి ఖర్చుతో పెట్టుకోవాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. 1990 జూన్‌లో లండన్ సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ ప్రశ్ననే గట్టిగా అడిగారు. కొత్త నిధి వద్దని అంతకు ముందు నెలలో భీష్మించిన అమెరికా, సమావేశానికి కాస్త ముందు మెత్తబడింది. మూడేళ్లకు 16 కోట్ల డాలర్లతో, భారత్, చైనా చేరితే 24 కోట్ల వరకు పెంచుకునే వీలుతో బహుపాక్షిక నిధి ఏర్పడింది. భారత్ 1992లో ఒప్పందంలో చేరింది.

ఈ నిధి నిర్మాణం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పాత రసాయనాన్ని వదిలి కొత్తదానికి మారడానికి అదనంగా అయ్యే ఖర్చును మాత్రమే ఇది భరిస్తుంది. ఆ సాయం ప్రధానంగా గ్రాంటు, అంటే తిరిగి తీర్చాల్సిన అప్పు కాదు. సంపన్న దేశాల చందాలను ఐక్యరాజ్యసమితి వాటాల పద్ధతిలో నిర్ణయిస్తారు. కార్యనిర్వాహక సంఘంలోని 14 మందిలో ఏడుగురు సంపన్న దేశాలవారు, ఏడుగురు వర్ధమాన దేశాలవారు. ఓటింగ్ జరిగితే మూడింట రెండు వంతుల మద్దతుతోపాటు రెండు పక్షాల్లోనూ విడివిడిగా మెజారిటీ రావాలి. కాబట్టి ఇచ్చేవారి మాటే చెల్లుబాటు కావడం ఇక్కడ కుదరదు. అలాగని అడిగిన ప్రతి పైసా ఇవ్వరు: క్లోరోఫ్లోరోకార్బన్ల విషయంలో 1995 జూలై 25 తర్వాత పెట్టిన కర్మాగారాలకు సాయం లేదు, సంపన్న దేశాలకు చేసే ఎగుమతుల వాటాకూ లేదు.

భారత్‌లో క్లోరోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తిని దశలవారీగా నిలిపివేయడానికి 1999లో ఈ నిధి 8.2 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఉబ్బసం ఇన్‌హేలర్ల అవసరం మినహా ఆ ఉత్పత్తి 2008 ఆగస్టుకల్లా ఆగిపోయింది.

అయితే సహకారం పేరిట వచ్చిన ప్రతి సొమ్మూ మేలు చేయలేదు. ఏసీల్లో వాడే ఆర్-22 గ్యాసు తయారీలో ఉపఉత్పత్తిగా వెలువడే, భూమిని బాగా వేడెక్కించే హెచ్ఎఫ్‌సీ-23 వాయువును కాల్చివేసిన కర్మాగారాలకు, వాతావరణ మార్పుపై కుదిరిన క్యోటో ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్లు (ఉద్గారాలు తగ్గించినందుకు దక్కే, అమ్ముకోగల పత్రాలు) ఇచ్చారు. కాల్చడానికి అయ్యే ఖర్చు కన్నా క్రెడిట్ల రాబడి ఎన్నో రెట్లు ఉండడంతో, కాల్చి డబ్బు చేసుకోవడానికే ఆ వాయువును పుట్టిస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి. 2013 మేలో ఐరోపా యూనియన్ ఆ క్రెడిట్లను తన విపణిలో నిషేధించింది. 2016లో భారత్ తన కంపెనీలను సొంత ఖర్చుతోనే దానిని కాల్చివేయమని ఆదేశించింది. అసలు ఖర్చు లెక్కగట్టి ఇచ్చే సాయానికీ, మార్కెట్ ధరకు వదిలేసిన సాయానికీ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ప్రోటోకాల్‌కు జరిగిన సవరణ, ఓజోన్‌కు హాని చేయకపోయినా భూమిని వేడెక్కించే హెచ్ఎఫ్‌సీలను (హైడ్రోఫ్లోరోకార్బన్లను) కూడా దాని కిందికి తెచ్చింది. భారత్ వీటి వాడకాన్ని 2028లో స్తంభింపజేసి, 2032 నుంచి తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. 2024-26 కాలానికి బహుపాక్షిక నిధిలో 96.5 కోట్ల డాలర్లు కేటాయించారు. ప్రత్యామ్నాయాల్లో ఒకటైన ఆర్-290 అంటే ప్రొపేన్. అది మండే వాయువు గనుక, ఏసీలు బిగించే మెకానిక్కుల శిక్షణ కూడా ఇప్పుడు ఆ అదనపు ఖర్చులో భాగం.